నెలకు 25 రూపాయల తీరిక

1910 డిసెంబరు. నలిగిన నోటుబుక్కు చంకలో పెట్టుకుని ఒక నిరుద్యోగి నెల్లూరు కలెక్టరు ఎదుట నిలబడ్డాడు. ఆ నెల 22న అతనికి 23 ఏళ్లు నిండుతాయి. లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లలకు పుట్టినరోజున ఏమివ్వాలా అని ఆలోచించే ప్రతి ఇంటికీ ఆ గాథలో ఒక జవాబు ఉంది.

చూడండి, సరుకుందేమో

కలెక్టరు గారికి ఆ నిరుద్యోగి సంగతి చేరవేసింది ఆయన బంధువుల కుర్రవాడు. గణితంతో ఆ కుర్రవాడికి ఏ సంబంధమూ లేదు. ఎవరో మనిషి వచ్చాడనీ, లెక్కల గురించి ఏదేదో చెబుతున్నాడనీ, తనకు ఒక్క ముక్కా బోధపడలేదనీ, ఆ మాటల్లో సరుకుందో లేదో కాస్త చూడమనీ అడిగాడు. కలెక్టరు సరేనన్నారు. గణితంలో తనకు తెలిసినంత ఎదుటివాడికేం తెలుస్తుందన్న ధీమాతోనే ఆ రోజు అతన్ని లోపలికి రానిచ్చానని తర్వాతి కాలంలో ఆయనే దాచకుండా రాశారు.

వచ్చిన మనిషి పొట్టిగా, కాస్త లావుగా ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. శుభ్రత అంతంతమాత్రం. చంకలో అంచులు చిరిగిన నోటుబుక్కు. పేదరికం మనిషిని చూడగానే తెలిసిపోతోంది. అంత పేలవంగా ఉన్న ఆ రూపంలో కలెక్టరు చూపును పట్టి నిలిపినవి కళ్లు. మెరిసిపోతున్న కళ్లు.

ఆ మనిషి కుంభకోణం శ్రీనివాస రామానుజన్. ఆ కలెక్టరు ఆర్. రామచంద్రరావు.

రావుగారు మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, 1890లో ప్రొవిన్షియల్ సివిల్ సర్వీసులో చేరారు. దివాన్ బహదూర్ బిరుదు పొందారు. పెన్న ఒడ్డున ఉన్న నెల్లూరు నుంచి జిల్లాను చూసుకోవడమంటే మాటలు కాదు. శిస్తులు, చెరువులు, మొలగొలుకుల వరి పండే మాగాణి, తీరం పొడవునా ఉప్పు కొఠార్లు, కార్తీక మార్గశిరాలు వస్తే వాయుగుండాల భయం. ఇన్నిటి నడుమ కూడా ఆయన గణితాన్ని వదిలిపెట్టలేదు. ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీకి అప్పట్లో ఆయనే కార్యదర్శి.

ఆ సొసైటీ పుట్టుకలోనూ తెలుగునేల పాలు ఉంది. అనంతపురం జిల్లా గుత్తిలో డిప్యూటీ కలెక్టరుగా పనిచేస్తున్న వి. రామస్వామి అయ్యర్ 1907లో దాన్ని నెలకొల్పారు. ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా ఉన్న గణిత ప్రియులు తలా కొంత వేసుకుని, విదేశీ పత్రికలు తెప్పించుకుని, టపాలో ఒకరి నుంచి ఒకరికి పంపుకుంటూ చదవాలన్నది ఆయన ఆలోచన. పగలు సర్కారు కాగితాలు, రాత్రి సమీకరణాలు. ఆ తరం ఉద్యోగుల్లో అలాంటివాళ్లు కొందరు ఉండబట్టే రామానుజన్‌కు తలుపు తట్టడానికి కొన్ని గడపలు దొరికాయి.

గడప గడపకూ ఒక చీటీ

నెల్లూరు చేరేనాటికి రామానుజన్ చాలా గడపలు ఎక్కి దిగాడు. కాలేజీలు మారినా ఎఫ్.ఎ. (ఫస్ట్ ఆర్ట్స్) పరీక్ష గట్టెక్కలేదు. గణితం తప్ప మిగతా పాఠాలు బుర్రకెక్కలేదు. వాటి మీద మనసు పెట్టనూ లేదు. 1909లో పెళ్లయింది. సంపాదన చూడమని ఇంట్లో ఒత్తిడి. ట్యూషన్లు చెబితే వచ్చే డబ్బులు తిండికి చాలవు. పైగా అనారోగ్యం. ఒకసారి జబ్బు ముదిరినప్పుడు తనకేమైనా అయితే ఫలానా ప్రొఫెసర్లకు చేర్చమని నోటుబుక్కులను స్నేహితుడి చేతిలో పెట్టాడు. అతని ఆస్తి అంతా అదే.

1910లో తిరుక్కోయిలూరు వెళ్లి రామస్వామి అయ్యర్‌ను కలిశాడు. అయ్యర్ అప్పటికి అక్కడ డిప్యూటీ కలెక్టరు. రెవెన్యూ శాఖలో చిన్న గుమాస్తా పని ఇప్పించమని అడిగాడు. అయ్యర్ నోటుబుక్కు తిరగేశారు. ఉద్యోగం ఇవ్వలేదు. ఇలాంటి ప్రతిభను తాలూకా కచేరీ అట్టడుగున పడేసి ఊపిరాడకుండా చేయడం తనకిష్టం లేదన్నారు. మద్రాసులో ఉన్న పి.వి. శేషు అయ్యర్‌కు ఒక చీటీ రాసిచ్చారు. కుంభకోణం కాలేజీలో రామానుజన్‌కు లెక్కలు చెప్పిన గురువే ఆయన. శేషు అయ్యర్ మరో చీటీ రాసి నెల్లూరు పంపారు.

ఆకలితో వచ్చినవాడికి ఉద్యోగం ఇవ్వనన్నవాళ్లు ఇందరు ఉన్నా, ఒక్కరు కూడా అతన్ని ఉత్త చేతులతో పంపలేదు. ప్రతి ఒక్కరూ తన కంటే కాస్త ఎక్కువ సాయం చేయగలవారి దగ్గరికి సాగనంపారు. ఈ వరస చివర ఉన్నది రామచంద్రరావు.

మళ్లీ రా

రామానుజన్ నోటుబుక్కు తెరిచి తాను కనిపెట్టినవి కొన్ని వివరించడం మొదలుపెట్టాడు. ఇందులో మామూలు కానిదేదో ఉందని రావుగారికి వెంటనే తట్టింది. అది అర్థమున్న మాటో, పిచ్చి మాటో తేల్చేంత జ్ఞానం తనకు లేదనీ అర్థమైంది. జిల్లాకు అధికారి. సొసైటీకి కార్యదర్శి. ఎదుట ఉన్నవాడు పరీక్ష తప్పిన కుర్రవాడు. ఇంతకు మించి వినే ఓపిక లేదని లేచిపోయినా అడిగే నాథుడు లేడు. రావుగారు ఆ పని చేయలేదు. తీర్పు వాయిదా వేసి, మళ్లీ రమ్మన్నారు.

మొత్తం గాథకు ఆయువుపట్టు ఆ 'మళ్లీ రా' అన్న మాటే.

రామానుజన్ మళ్లీ వచ్చాడు. ఈసారి దారి మార్చాడు. ఎదుటి పెద్దమనిషికి ఎంతవరకు అందుతుందో అంచనా వేసుకుని, తేలికైన ఫలితాలు ముందు చూపించాడు. అవి కూడా అప్పటి పుస్తకాల్లో దొరికే రకం కావు. ఇతను అసామాన్యుడన్న నమ్మకం రావుగారికి అక్కడే కుదిరింది. ఆ తర్వాత ఒక్కో మెట్టూ ఎక్కిస్తూ ఎలిప్టిక్ సమాకలనాల దగ్గరికి, హైపర్‌జియోమెట్రిక్ శ్రేణుల దగ్గరికి తీసుకెళ్లాడు. చివరికి, లోకానికి ఇంకా చెప్పని తన అపసరణ శ్రేణుల సిద్ధాంతం విప్పాడు. దాంతో రావుగారు పూర్తిగా అతని పక్షానికి వచ్చేశారు.

ఏం కావాలని అడిగారు.

పరిశోధన సాగించుకోవడానికి వీలుగా, బతకడానికి సరిపడా కొద్దిపాటి డబ్బు కావాలన్నాడు రామానుజన్. పేరు అడగలేదు, పదవి అడగలేదు. అతను కోరుకున్నది తీరిక అని రావుగారు తర్వాత రాశారు. తాను కష్టపడనక్కర లేకుండా రెండు పూటలా సాదా భోజనం అమరాలి, కలలు కనడానికి తనను వదిలిపెట్టాలి. అంతే.

నెల్లూరులోనే ఏదో ఒక సర్కారు పని ఇప్పించడం కలెక్టరుకు ఎంతసేపు? రావుగారు అలా ఆలోచించలేదు. ఇంతటి మేధావిని నెల్లూరు లాంటి మారుమూల పట్నంలో కుళ్లబెట్టడం క్రూరత్వం అవుతుందన్నారు. గ్రంథాలయాలు, గణితం తెలిసిన మనుషులు ఉన్న మద్రాసుకే వెళ్లి ఉండమన్నారు. తన ఊరి గురించి ఒక కలెక్టరు అలా అన్నాడని నెల్లూరువాళ్లు నొచ్చుకోనక్కర లేదు. ఆ కుర్రవాడి మేలు తప్ప మరో లెక్క ఆయన మనసులో లేదనడానికి అదే రుజువు. విద్యార్థి వేతనం ఇప్పించాలని చూశారు, కుదరలేదు. అప్పుడిక తన జేబులోంచే నెలకు 25 రూపాయలు ఇస్తానన్నారు. ఇచ్చారు. సుమారు ఏడాదిపాటు ఆ డబ్బుతోనే రామానుజన్ బతికాడు.

25 రూపాయలంటే ఎంత? 1912 మార్చిలో మద్రాసు పోర్టు ట్రస్టు అతన్ని గుమాస్తాగా పెట్టుకున్నప్పుడు ఇచ్చిన జీతం నెలకు 30. అంటే, రోజంతా లెడ్జర్ల మీద వంగి కూర్చుంటే వచ్చేదానికి దాదాపు సమానమైన మొత్తాన్ని, ఏ లెడ్జరూ ముట్టుకోనక్కర లేకుండా నెల్లూరు కలెక్టరు ఇచ్చారన్నమాట. నివేదిక అడగలేదు. ఇన్నాళ్లలో ఇన్ని పేజీలు పూర్తి చేయాలని గడువు పెట్టలేదు.

ఖాళీగా వదిలిన ఏడాది

ఆ ఏడాది ఏం పండిందో పత్రికల్లో అచ్చయి ఉంది. 1911లో ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో బెర్నూలీ సంఖ్యల లక్షణాల మీద రామానుజన్ తొలి పరిశోధన వ్యాసం వచ్చింది. అదే ఏడాది పాఠకుల ముందు అతను ఒక ప్రశ్న పెట్టాడు. ఒక వర్గమూలం లోపల మరో వర్గమూలం, దాని లోపల ఇంకొకటి, అలా అంతం లేకుండా సాగే ఒక రాశి విలువ ఎంత అని.

√(1 + 2√(1 + 3√(1 + 4√(1 + ...

ఆరు నెలలు చూశాడు. పత్రిక చదివేవాళ్లంతా గణితంలో తలపండినవాళ్లే. ఎవరూ జవాబు పంపలేదు. చివరికి అతనే చెప్పాడు. ఆ అంతులేని రాశి విలువ 3.

ఇది బడి పిల్లలకు కూడా అందే అందమైన లెక్క. 3 అంటే 9కి వర్గమూలం. 9ని 1 + 8 అని విడదీద్దాం. 8 అంటే 2 × 4. ఇప్పుడు ఆ 4ను పట్టుకుందాం. అది 16కు వర్గమూలం. 16 అంటే 1 + 15, 15 అంటే 3 × 5. ఇక 5 సంగతి. అది 25కు వర్గమూలం, 25 అంటే 1 + 4 × 6. ఇలా ఉల్లిపాయ పొర ఒలిచినట్టు ఒలుస్తూ పోవచ్చు. ప్రతి పొరలోనూ కిటుకు ఒక్కటే. ఏ సంఖ్యనైనా దానితోనే గుణిస్తే వచ్చేది, దాని ముందు సంఖ్యనూ తర్వాతి సంఖ్యనూ గుణించి ఒకటి కలిపితే కూడా వస్తుంది.

ఈ కిటుకును పుట్టినరోజుకు వర్తింపజేసి చూడండి. నిరుటి వయసును వచ్చే ఏటి వయసుతో గుణించి ఒకటి కలపండి. ఈ ఏటి వయసు వర్గం వస్తుంది. నెల్లూరు వెళ్లిన నెలలో రామానుజన్‌కు నిండింది 23. ముందుది 22, తర్వాతది 24. 22 × 24 అంటే 528. ఒకటి కలిపితే 529. అదే 23 × 23. పైగా 22 అతను పుట్టిన తేదీ కూడా. కాబట్టి ఆ ఏడు అతనికి ఎవరైనా శుభాకాంక్షల కార్డు ఇచ్చి ఉంటే అందులో ఈ ఒక్క వరస రాస్తే సరిపోయేది.

23 = √(1 + 22√(1 + 23√(1 + 24√(1 + ...

పుట్టిన తేదీతో మొదలై, నిండిన వయసు మీదుగా, రాబోయే ఏళ్లన్నిటినీ దాటుకుంటూ పోయే వరస ఇది. చుక్కలు పెట్టిన చోట రాసినవాడు ఆగుతాడు. అందుకున్నవాడు ఆగడు.

పదహారు గడుల కానుక

రామానుజన్ నోటుబుక్కుల మొదటి అధ్యాయం మాయా చదరాల గురించే. అడ్డంగా, నిలువుగా, మూల నుంచి మూలకు ఎటు కూడినా ఒకే మొత్తం వచ్చే గడులు అవి. బడి రోజుల నుంచీ అతనికి వాటి మీద మోజు. రెండు వరసల సంఖ్యలు తీసుకుని, ఒక్కో గడిలో ఒక్కో జతను కూడి పెడుతూ చదరాలు కట్టే పద్ధతి ఆ పేజీల్లో కనిపిస్తుంది. ఇవాళ అతని పేరుతో ఎక్కువగా ప్రచారంలో ఉన్న చదరం మాత్రం అతని పుట్టినరోజు చదరం. 22-12-1887 అన్న తేదీ మొదటి వరసలో ఉంటుంది.

22   12   18   87
88   17   9   25
10   24   89   16
19   86   23   11

ఏ వరసను కూడినా 139. ఏ నిలువును కూడినా 139. రెండు కర్ణాలూ 139. నాలుగు మూలల అంకెలు 22, 87, 19, 11 కూడితే 139. నడిమి నాలుగు గడులు 17, 9, 24, 89 కూడితే 139. చదరాన్ని నాలుగు ముక్కలుగా కోస్తే ప్రతి ముక్కలోనూ 139. ఈ గడుల్లో 25 ఉంది, 23 కూడా ఉంది. నెల్లూరు కథ తెలిసినవారికి ఆ రెండు అంకెలు కనిపించగానే మనసు కదులుతుంది. అవి అక్కడికి యాదృచ్ఛికంగా చేరినవే. అయినా సంతోషమే.

ఇలాంటి చదరం ఎవరి పుట్టినరోజుకైనా కట్టుకోవచ్చు. తేదీ, నెల, సంవత్సరంలో మొదటి రెండు అంకెలు, చివరి రెండు అంకెలు. ఇవి నాలుగు కుటుంబాల పెద్దలు అనుకోండి. ఇవి మొదటి వరసలో కూర్చుంటాయి. మిగతా పన్నెండు గడులూ వీటి పరివారమే.

రెండో వరసలో సంవత్సరం చివరి అంకెలకు 1 కలిపి, మొదటి అంకెలలోంచి 1 తీసి, నెలలోంచి 3 తీసి, తేదీకి 3 కలిపి, ఆ క్రమంలోనే రాయాలి.

మూడో వరసలో నెలలోంచి 2 తీసి, తేదీకి 2 కలిపి, చివరి అంకెలకు 2 కలిపి, మొదటి అంకెలలోంచి 2 తీయాలి.

నాలుగో వరసలో మొదటి అంకెలకు 1 కలిపి, చివరి అంకెలలోంచి 1 తీసి, తేదీకి 1 కలిపి, నెలలోంచి 1 తీయాలి.

ఎందుకు కుదురుతుందో చూడండి. ప్రతి వరసలోనూ నాలుగు కుటుంబాల నుంచి ఒక్కొక్కరే ఉంటారు. కలిపినదీ తీసినదీ ఆ వరసలోనే చెల్లుకు చెల్లు. రెండో వరసలో ఒకటి వచ్చి ఒకటి పోయింది, మూడు పోయి మూడు వచ్చింది. నిలువుల్లోనూ అంతే. మొదటి నిలువులో 1 కలిసి, 2 పోయి, మళ్లీ 1 కలిసింది. మాయ అనుకున్నది నిక్కచ్చి జమాఖర్చు.

2005 నవంబరు 27న పుట్టిన ఒక బి.ఎస్సీ. విద్యార్థిని ఉందనుకుందాం. ఆమె చదరం ఇలా వస్తుంది.

27   11   20   5
6   19   8   30
9   29   7   18
21   4   28   10

ఎటు కూడినా 63. పదహారు గడుల్లో ఒక్క సంఖ్య కూడా రెండోసారి రాలేదు. అన్ని తేదీలకూ ఇంత చక్కగా కుదరదు. 22-12-1910 వేసి చూడండి. నెల కుటుంబం 9 నుంచి 12 వరకు, సంవత్సరం చివరి అంకెల కుటుంబమూ 9 నుంచి 12 వరకే. రెండు కుటుంబాలూ ఒకదాని మీద ఒకటి పడిపోయి నాలుగు సంఖ్యలు రెండేసిసార్లు వస్తాయి. మొత్తం మాత్రం తప్పదు. జనవరిలోనో, ఫిబ్రవరిలోనో, మార్చిలోనో పుట్టినవారికి సున్నా, రుణ సంఖ్యలు తగులుతాయి. లెక్కలు చదివేవారికి వాటితో పేచీ ఏముంది? పైగా, ఎలాంటి తేదీలకు సంఖ్యలు మళ్లీ రాకుండా చదరం కుదురుతుందన్నదే ఒక మంచి ప్రశ్న. ఒక సాయంత్రమంతా కూర్చోబెడుతుంది.

నింపకుండా ఇవ్వండి

అసలు మాట ఇక్కడ చెప్పాలి. ఈ చదరాన్ని కానుకగా ఇవ్వదలచినవారు పదహారు గడులూ నింపి, చట్రం కట్టించి ఇవ్వకండి. మొదటి వరస రాసి, పన్నెండు గడులు ఖాళీగా వదిలి ఇవ్వండి. అడుగున మొత్తం ఎంత రావాలో రాయండి. ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చెక్కే చేతులున్న నెల్లూరు జిల్లా మనది. పదహారు చెక్క బిళ్లలు చేయించి, నాలుగింటి మీదే అంకెలు వేయించి ఇచ్చినా ఎంతో బాగుంటుంది. మిగతా అంకెలు పుట్టినరోజు పిల్లే వేసుకుంటుంది. వయసు వర్గమూలాల వరస అయితే రెండు పొరలు రాసి చుక్కలు పెట్టండి.

లెక్కల పిల్లలకు పూర్తయిన వస్తువు ఇస్తే ఒకసారి చూసి అలమరలో పెడతారు. పూర్తి కానిది ఇస్తే నిద్ర మానుకుని పూర్తి చేస్తారు. రామానుజన్ జీవితమే దీనికి సాక్ష్యం. 1903లో, పదిహేనేళ్ల వయసులో అతని చేతికి జి.ఎస్. కార్ రాసిన గణిత ఫలితాల సంకలనం వచ్చింది. అయిదు వేల దాకా సూత్రాలు. చాలావాటికి నిరూపణ లేదు, ఉన్నా ఒక్క ముక్కలో సరి. పరీక్షలకు బట్టీ పట్టేవారికి అది చప్పిడి పుస్తకం. అతనికి ప్రతి సూత్రం కిందా ఉన్న ఖాళీ ఒక పిలుపులా వినిపించింది. పలక మీద ఒక్కో నిరూపణా తానే కట్టుకుంటూ పోయాడు. ఆ ఖాళీలు నింపుతూ నింపుతూ పుస్తకంలో లేని సూత్రాలకు చేరాడు. అవే ఆ నోటుబుక్కులు. నిరూపణలన్నీ రాసి ఉన్న లావుపాటి గ్రంథం అతనికి దొరికి ఉంటే ఆ దారి పడేదో లేదో.

రామచంద్రరావు ఇచ్చిందీ అలాంటిదే. ఉద్యోగం ఇస్తే రోజు నిండిపోయేది. ఆయన నింపని రోజులు ఇచ్చారు. అద్దె, అన్నం అన్న మొదటి వరస తాను రాసి, మిగతా గడులు రామానుజన్‌కు వదిలేశారు.

ఆ డబ్బు చేదు కూడా మిగల్చలేదు. ఏడాది దాటాక, ఎంతకాలమని ఒకరి మీద ఆధారపడటం అన్న ఆలోచన రామానుజన్‌నే తొలిచింది. పని వెతుక్కుని 1912లో పోర్టు ట్రస్టులో చేరాడు. అక్కడ ఛైర్మన్ సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్, గణితం తెలిసిన ఎస్. నారాయణ అయ్యర్ అతనికి అండ అయ్యారు. 1913 జనవరి 16న కేంబ్రిడ్జి గణితవేత్త జి.హెచ్. హార్డీకి అతను రాసిన ఉత్తరం లోకానికి తెలుసు. ఆ ఉత్తరంలో తన వయసు 23 ప్రాంతమని రాసుకున్నాడు. నిజానికి అప్పటికి 25 నిండాయి. 1914 మార్చి 17న ఓడ ఎక్కాడు. 1918లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1920 ఏప్రిల్ 26న, 32 ఏళ్లకే కన్నుమూశాడు. అతని పరిశోధన వ్యాసాల సంపుటం 1927లో వెలువడినప్పుడు ముందు ఉంచిన జీవిత పరిచయాల్లో ఒకటి రాసినవారు ఇద్దరు. ఒకరు శేషు అయ్యర్, మరొకరు రామచంద్రరావు. చంకలో నోటుబుక్కుతో గడప దాటి వచ్చినవాడి కథను లోకానికి అప్పగించే బాధ్యత కూడా ఆ నెల్లూరు కలెక్టరుకే దక్కింది.

ఈ ఏటి కానుక

డిసెంబరు 22ను జాతీయ గణిత దినోత్సవంగా ప్రకటించి పదేళ్లు దాటింది. ఆ రోజు మన బడుల్లో వ్యాసరచన పోటీలు పెడతారు, పటానికి దండ వేస్తారు. మంచిదే. కానీ ఇవాళ్టి లెక్కల పిల్లల రోజు ఎలా ఉందో చూడండి. తెల్లవారుజామున స్టడీ అవర్, పగలు తరగతులు, సాయంత్రం మళ్లీ స్టడీ అవర్, వారాంతం పరీక్ష, ఆ పైన ర్యాంకు పట్టిక. లెక్కలు బోలెడు చేస్తారు. తమంతట తాము ఒక లెక్క పుట్టించే వ్యవధి మాత్రం ఉండదు. గంట ఖాళీగా కనిపిస్తే దాన్నీ నింపేయాలన్న ఆత్రం ఇంట్లోవాళ్లది. 1911 నాటి రామానుజన్ ఈ పట్టికలో కూర్చుని ఉంటే ఆ వర్గమూలాల ప్రశ్న రాసేవాడా, పంపేవాడా, ఆరు నెలలు జవాబు కోసం చూసేవాడా?

మనలో కలెక్టర్లు కొందరే. పిల్లవాడి చేతిలోని కాగితం పూర్తిగా అర్థమయ్యేంత గణితం వచ్చినవాళ్లూ కొందరే. రామచంద్రరావుకు కూడా మొదటిరోజు అర్థం కాలేదు. అర్థం కాకపోయినా మళ్లీ రమ్మనడానికి డిగ్రీలు అక్కర్లేదు. మీ ఇంట్లో అమ్మాయో అబ్బాయో ఏదో సమీకరణం పట్టుకుని వచ్చి చూపిస్తే, సిలబస్‌లో ఉందా అని అడగకండి. కూర్చోబెట్టుకుని వినండి. బోధపడకపోతే రేపు మళ్లీ చెప్పమనండి. మీకు తెలియనిది తెలిసినవారు ఊళ్లో ఉంటే ఒక చీటీ రాసి, ఈ రోజుల్లో అయితే ఒక ఫోను చేసి పంపించండి.

పుట్టినరోజున చదరం ఇవ్వండి, పన్నెండు గడులు ఖాళీగా ఉంచి. దానితోపాటు ఆ గడులు నింపుకోవడానికి ఒక రోజు కూడా ఇవ్వండి. ట్యూషను లేని రోజు, పరీక్ష లేని రోజు, ఏం చేశావని సాయంత్రం లెక్క అడగని రోజు. స్తోమత ఉన్నవారు ఇంకో అడుగు ముందుకు వేసి, ఫీజు కట్టలేక చదువు ఆపేసే స్థితిలో ఉన్న ఒక గణిత విద్యార్థికి ఏడాదిపాటు నెలనెలా కొంత పంపండి, నివేదికలు అడక్కుండా. ఇది మన తీరానికి కొత్త కాదు. నూట పదిహేనేళ్ల కిందటే నెల్లూరు నుంచి ఒక మనిషి చేసి చూపించాడు, అదీ తన సొంత డబ్బుతో.